తన్ను జూచి తాను నవ్వుకొనిన శేషప్ప కవి

ఇతరులను జూచి నవ్వుట యెల్లరకు దెలిసిన విద్యయే. దానికి గురువు అక్కరలేదు. తన్ను జూచి తాను నవ్వుకొనుట మాత్రము మిక్కిలి యరుదు. ఆ విద్యయందు ఆరితేరినవాడొకడు మనకు సమీపముననే యుండెను. జగిత్యాలకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున గోదావరి యొడ్డున వెలసిన ధర్మపురి క్షేత్రమున, నరసింహస్వామినే నమ్ముకొని జీవించిన శేషప్ప కవియే యాతడు. మన గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆయనను స్మరించుట యుక్తమని తోచినది.

ఆయన యింటిపేరు కాకుత్స్థము. 18వ శతాబ్దమువాడు. ఆ శతాబ్దమందే, 1747లో, జగిత్యాలలో నక్షత్రాకారమున గొప్ప కోట వెలసినది. ఆ కోటను గట్టించినవారి పేర్లు చరిత్ర చదివినవారికే తెలియును. కోటగాని కొలువుగాని లేని ధర్మపురి కవి పేరు మాత్రము, నరసింహ శతకము మూలమున, పలక పట్టిన పిల్లలకును దెలిసినది. ఆ శతకములోని ప్రతి పద్యమును ధర్మపురి నరసింహుని సంబోధనతోనే ముగియును. అందువలన ధర్మపురిని కన్నులార జూడనివారికి సయితము ఆ యూరి పేరు కంఠస్థమైనది.

పూర్వకవులకు కావ్యారంభమున నొక యాచారము కలదు. ఇష్టదేవతా స్తుతి చేయుదురు, సుకవులను బొగడుదురు, పిమ్మట కుకవులను నిందింతురు. ఆ నింద యెప్పుడును పరులను గూర్చియే కాని తమ్ము గూర్చి కాదు. శేషప్ప యీ యాచారమును తలక్రిందు చేసెను. కుకవి యుండవలసిన చోట తన్నే నిలుపుకొనెను. గణములు, యతిప్రాసలు తాను సరిగా జూచుకొనలేదనియు, పంచకావ్యములు చదువలేదనియు, అమరకోశము ముట్టలేదనియు, శాస్త్రములతో పరిచయము లేదనియు స్వామి యెదుట లెక్క యొప్పజెప్పెను. చెఱకుగడ వంకరగా నున్నంత మాత్రమున తీపి చెడునా యని ప్రశ్నించి, వెంటనే పనిలోనికి దిగెను. ఆ దినములలో శాస్త్రము చదువనివాడు పద్యము చెప్పబూనుట సాహసమే. పండితుడు పట్టదలచిన తప్పులన్నియు కవియే ముందుగా చెప్పివేసిన పిమ్మట పండితునకు చేయుటకేమి మిగులును? ఆ చిన్న నవ్వు ఆయన కలమునకు స్వేచ్ఛ నొసగినది. అట్లుగాక, నా చదువెంత, నేను వ్రాయుటేమని సిగ్గుపడి యూరకుండినచో, తెలుగువారికి నరసింహ శతకము లేకపోయెడిది.

ఆయన తన్ను గూర్చి వ్రాసికొనిన జాబితాలు ముచ్చటైనవి. ఒక పద్యమున, లోకులు గర్వించు విషయములన్నిటిని వరుసగా పేర్కొనును: విద్య, భాగ్యము, సంతానము, సేవకులు, శౌర్యము. వీనిలో దేనిని జూచుకొనియు తాను విఱ్ఱవీగలేదనును. ఇంతవరకు వినినవాడు, ఎంత వినయవంతుడని మెచ్చుకొనబోవును. అంతలోనే, నలుగురు మెచ్చునట్లు నడువను లేదు, నిన్ను నమ్మను లేదని కవి ముగించును. మెప్పు చేతికందు క్షణమున దానిని తానే జారవిడిచెను. వేఱొక పద్యమున తన నేర్పులను చెప్పుకొనును: అబద్ధమాడుటయందు నేర్పరి, మంచిపనికి అడ్డుపడుటయందు నేర్పరి, ఒకరి సొమ్ముకు దోసిలి పట్టుటయందు నేర్పరి, ఇచ్చువానిని ఇయ్యవలదని మాన్పించుటయందును నేర్పరి. ఈ పద్యము చదివి, ఇందులో నా నేర్పొక్కటియు లేదని గుండెపై చేయివేసి చెప్పగలవారు మన యూళ్లలో నెందఱుందురు?

ఇది ఆత్మనింద కదా యని కొందఱనవచ్చును. ఆత్మనింద వేఱు, తన్ను జూచి నవ్వుకొనుట వేఱు. ఆత్మనింద మనుజుని మూలకు ద్రోసి నోరు కట్టివేయును. నవ్వు నిలువబెట్టి పని చేయించును. సిరిసిల్ల మగ్గముల యొద్ద దీనిని చూడవచ్చును. పోగు తెగినప్పుడు తలబాదుకొనువాడును, తెగలేదని బుకాయించువాడును బట్ట నేయలేరు. తెగెనని యొప్పుకొని ముడివేసినవాడే నేయగలడు. శేషప్ప తన తెగిన పోగులను దాచలేదు. వానిని ముడివేసికొనుచు నేత సాగించెను. నరసింహ శతకముతో నాగక నరహరి, నృకేసరి శతకములను, ధర్మపురి రామాయణమను యక్షగానమును రచించెను.

తన్ను జూచి నవ్వుకొనినవానికి ఇతరులతో పరిహాసమాడు అధికారము లభించును. శేషప్ప ఆ యధికారమును సాక్షాత్తు దేవునిపైననే చూపెను. బలి యొద్ద బిచ్చమెత్తితివి, శబరి పండ్లకు చేయి చాచితివి, విదురుని యింట విందు గుడిచితివి, కుచేలుని అటుకులు బొక్కితివి, నీవు వట్టి తిండిపోతువని స్వామిని ఆటపట్టించెను. ఇంకొకచోట, ప్రహ్లాదుడు నీకు ఎంత బంగారమిచ్చెను, గజరాజు ఎన్ని ముత్యములిచ్చెను, నాయొద్ద మాత్రము ఏమాశించి యాలసించెదవని నిలదీసెను. తాను నారదుడు కాడు, శబరి కాదు, ప్రహ్లాదుడు కాడు, వ్యాసుడు కాడని ముందే చెప్పుకొనినవాడు గనుక, ఆయన మాటలలో పొగరు కనబడదు, చనువే కనబడును. లోభులను మందలించునప్పుడును ఇంతే. లక్షాధికారి యైనను ఉప్పు కలిసిన అన్నమే తినును గాని బంగారము మ్రింగడని ఆయన చెప్పగా లోభియు కోపగించుకొనలేడు. దోసిలి పట్టు నేర్పు తనకు గలదని ఒప్పుకొనినవాడే యా మాట చెప్పుచున్నాడు గదా!

అయితే శేషప్ప నవ్వు ఆగిన చోటు ఒకటి కలదు. ధర్మపురి దేవాలయ ప్రాంగణముననే యమధర్మరాజు గుడియు నున్నది. స్వామిని దర్శించువారు ఆ యముని కూడ చూచియే రావలెను. ఆ గుడి నీడన మసలిన కవికి చావు పరాయి విషయము కాదు. బ్రతికినన్నాళ్లు నీ భజన మానను గాని, యమదూతలు వచ్చి కఫము గొంతున కడ్డుపడినప్పుడు నిన్ను తలచుదునో మఱతునో యని ఆయన భయపడెను. అందుచేత ఆనాటి పిలుపును ఈనాడే పిలిచి పెట్టెను. తన శక్తికి గల హద్దు నెఱిగినవాడే ఇట్లు ముందుచూపు వహింపగలడు. ఆయన నవ్వునకును, ఈ భయమునకును మూలమొక్కటియే: తన కొలత తనకు దెలియుట.

ఫాల్గుణ మాసమున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి ధర్మపురి జాతరకు పోవువారు గోదావరిలో మునిగి, స్వామిని దర్శించి, యముని గుడి ముందు కొంచెము భయపడి, తిరిగి వత్తురు. వారిలో నెందఱో శేషప్ప పద్యమును వీధిబడులలోనో తాతల నోటనో నేర్చినవారి సంతతివారే.

మన గ్రంథాలయపు గడప యొద్ద నేటికిని కొందఱు వెనుదీయుచుందురు. అక్షరములు కూడబలుకుకొనువారు, పత్రిక చదువబోయి తడబడువారు, నలుగురు నవ్వుదురేమో యని లోనికి రారు. అట్టివారికి శేషప్పను చూపవలెను. ఏమియు చదువలేదని మొదటనే నవ్వుచు చెప్పుకొనినవాని పుస్తకము గ్రంథాలయములందు గౌరవ స్థానమున నుండును. తడబడిన మాటకు తానే ముందు నవ్వి, మరల చదువ మొదలిడువానిని జూచి ఇతరులు ఎంతసేపు నవ్వగలరు?