పార్వతీపురంలో ఓడిన కార్మిక నేత

హిందూపురం లోక్‌సభ స్థానం నుంచి 1967లో గెలిచి స్పీకర్ అయిన నీలం సంజీవరెడ్డి, 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిపోయారు. మా పెనుకొండ ప్రాంతంలో పాతతరం వారు దాన్ని ఇందిరాగాంధీ ఎత్తుగడగానే చెప్పుకుంటారు. గెలిచిన వ్యక్తి వారి మాటల్లో కనబడరు. ఆ గెలిచిన వరాహగిరి వెంకటగిరి నాలుగు దశాబ్దాలకు పైగా కార్మిక సంఘాల మనిషి. సంఘబలం ఒక నాయకుణ్ణి ఎంత ఎత్తుకు చేర్చగలదో, కులం ప్రశ్న ఎదురైనప్పుడు ఎక్కడ తడబడుతుందో తెలుసుకోవాలంటే ఆయన జీవితం చదవాలని నా విద్యార్థులకు చెబుతుంటాను.

గిరి 1894లో బరంపురంలో తెలుగు నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకు న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం పెట్టుకున్నందుకు 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. జాతీయోద్యమం, కార్మికోద్యమం చేయీచేయీ కలిపి నడవడం ఆయన మొదట చూసింది అక్కడే.

తిరిగి వచ్చాక బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులకు మన జిల్లాల నుంచి వలస వెళ్లిన తెలుగువారు ఎందరో. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ నిర్మాతల్లో గిరి ఒకరు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా లండన్ వెళ్లారు. అదే సమావేశంలో అంబేడ్కర్ అస్పృశ్యుల ప్రతినిధి. రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చెమటోడ్చే దళితుడు ఆ ఇద్దరిలో ఎవరి మనిషి? ఇద్దరి మనిషీ అని జవాబు చెప్పడం తేలిక. అయితే 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేడ్కర్ బ్రాహ్మణవాదాన్నీ పెట్టుబడిదారీ విధానాన్నీ జంట శత్రువులుగా నిలబెట్టారు. దళితుణ్ణి గ్యాంగ్‌మన్ పనికే కట్టిపడేసిన వివక్షను సంఘాలు పట్టించుకోలేదని ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదు న్యాయమైనదేనని నా అభిప్రాయం.

అంతకు ఏడాది ముందే, 1937లో, గిరి దేశమంతా చెప్పుకున్న గెలుపు గెలిచారు. మద్రాసు శాసనసభలో కార్మికులకు ప్రత్యేకంగా ఆరు స్థానాలుండేవి. ఆయన వాటి జోలికి పోకుండా బొబ్బిలిలో నేరుగా రాజావారినే ఎదుర్కొన్నారు. రాజావారు అప్పటికి మద్రాసు ప్రధాని, బ్రాహ్మణేతరుల పక్షాన నిలిచిన జస్టిస్ పార్టీ నాయకుడు. గెలిచింది బ్రాహ్మణుడు, ఓడింది బ్రాహ్మణేతరుడు. దీన్ని కులాల లెక్కతో మాత్రమే చదివేవారు జమీందారీని మరచిపోతున్నారు. పార్టీ పేరు ఏదైనా, శిస్తు కట్టే రైతుకు ఎదుట కనబడింది కోటే. ఆస్తి ఉన్నవారికే ఓటున్న ఆ రోజుల్లో రైల్వే కార్మికుల ఓట్లు గిరిని గెలిపించలేదు. సంఘం ఇచ్చిన పేరు, కాంగ్రెస్ గాలి, రైతు కోపం కలిసి గెలిపించాయి. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ ఆయనకు దక్కింది.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, జగ్జీవన్ రాం తరువాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. పదవిని అలా వదిలేసిన కార్మిక మంత్రులు మనకు ఎక్కువమంది లేరు.

ఇక 1957. పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒకటి జనరల్ స్థానం, మరొకటి షెడ్యూల్డు తెగలది. ఓటరుకు రెండు ఓట్లు. అత్యధిక ఓట్లు వచ్చిన తెగల అభ్యర్థికి రిజర్వుడు స్థానం ఇచ్చాక, మిగిలినవారిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి జనరల్ స్థానం. కాంగ్రెస్ ఆదివాసీ అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణకు మొదటి స్థానం దక్కింది. రెండో స్థానంలో నిలిచింది గిరి కాదు, మరో ఆదివాసీ అభ్యర్థి దిప్పల సూరిదొర. తేడా 565 ఓట్లు. రెండు స్థానాలూ ఆదివాసీలవే అయ్యాయి.

గిరి కోర్టుకు వెళ్లారు. రిజర్వుడు స్థానానికి నామినేషన్ వేసినవాడు జనరల్ స్థానంలో కూర్చోరాదన్నది ఒక వాదన. రెండోది మరింత విచిత్రం. మూకదొర తెగకు చెందిన సూరిదొర కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది కనుక ఆయన ఆదివాసీయే కాడట! 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ స్థానం ఆదివాసీకీ చెందుతుందని, తాను క్షత్రియుణ్ణని చెప్పుకున్నంత మాత్రాన కులం మారదని, పై కులంవారు తమలో ఒకడిగా గుర్తించాలని తేల్చింది. చట్టం తనకిచ్చిన హక్కునే గిరి వాడుకున్నారని అనవచ్చు. నిజమే. అయినా కూలీలందరి పక్షాన ఖండాంతరాల్లో మాట్లాడిన మనిషి, తనకంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఆదివాసీని సభలోంచి దింపడానికి ఆయన పుట్టుకనే ప్రశ్నించడం నాకు మింగుడు పడదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దు చేసింది. గిరి ఈలోగా ఉత్తరప్రదేశ్, కేరళ గవర్నరుగిరీల్లో ఉన్నారు.

1969లో బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసి, ఆ వెంటనే రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో నిలిచారు. వామపక్షాలు, డీఎంకే తోడయ్యాయి. రెండో ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కారు. అంతకుముందు కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డులో ఇందిర సూచించిన పేరు జగ్జీవన్ రాం. బోర్డు మెజారిటీ ఆయన్ని కాదని సంజీవరెడ్డిని నిలబెట్టింది. సంజీవరెడ్డి ఓటమిని తలుచుకునే మావారికి ఈ సంగతి గుర్తుండదు. 1974 మేలో రైల్వే కార్మికులు ఇరవై రోజులు సమ్మె చేసి వేల సంఖ్యలో జైళ్ల పాలయ్యారు. సమ్మెను నడిపించింది గిరి కట్టిన ఫెడరేషన్. ఆయన అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు.

హిందూపురం ఇప్పటికీ జనరల్ స్థానమే. మొదట్లో చాలాకాలం అక్కడ గెలిచినవారు రెడ్లు. తరువాత బీసీలు గెలిచారు, 2004లో ఒక ముస్లిం గెలిచారు. దళితులు గెలవలేదు. పెనుకొండ కార్ల ఫ్యాక్టరీలో, హిందూపురం పారిశ్రామికవాడలో, ధర్మవరం మగ్గాల దగ్గర పనిచేసే దళిత యువకుడు ఎన్నికల్లో నిలబడతానంటే మన పార్టీలు, వాటి కార్మిక సంఘాలు కూడా, ఇప్పటికీ అతనికి మడకశిర వైపే చేయి చూపుతున్నాయి.