గురుదేవుల బడిలో ఆటపాటలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు విశ్వకవి రవీంద్రనాథ్ టాగూరుగారిది. ఆయన కవిత్వాన్ని గురించి చెప్పేంత పాండిత్యం నాకు లేదు. గీతాంజలి, నోబెల్ బహుమతి, జాతీయగీతం, ఇవన్నీ మన సభ్యులకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఆయన నలభై ఏళ్ళపాటు ఒక బడిని నడిపి, అందులో పిల్లలకు లెక్కలతో సమానంగా పాట, నాటకం, నృత్యం నేర్పించిన సంగతి. దీని మీద నాకు శ్రద్ధ కలగడానికి సొంత కారణం ఒకటి ఉంది. సందర్భం వచ్చినప్పుడు మనవి చేస్తాను.

రవీంద్రులు 1861 మే 7న కలకత్తా జొరసాంకో భవనంలో మహర్షి దేవేంద్రనాథ్ టాగూరుగారికి పద్నాలుగవ సంతానంగా జన్మించారు. జమీందారీ కుటుంబం, ఇంటినిండా సంగీతం. విష్ణు చక్రవర్తి వంటి గాయకులు ఇంటికే వచ్చి పాఠం చెప్పేవారు. అన్నగారు జ్యోతిరింద్రనాథ్ పియానో మీద కొత్త వరుసలు వాయిస్తుంటే ఈ తమ్ముడు పక్కన కూర్చుని వాటికి మాటలు కూర్చేవాడు. ఇంట్లో అంత భాగ్యం ఉన్న పిల్లవాడికి బడి మాత్రం చెరసాల అయింది. నార్మల్ స్కూలులో రోజూ పాఠాలకు ముందు పిల్లలందరిచేత ఒక ఇంగ్లీషు పాటను బృందంగా పాడించేవారట. దాని అర్థం పిల్లలకు తెలియదు. నోటికి వచ్చినట్టు పలికి పలికి ఆ మాటలు ఏ భాషకూ చెందకుండా పోయాయని ఆయన తన బాల్యస్మృతులలో నవ్వుతూ వ్రాసుకున్నారు. నాలుగు బడులు మారినా ఏ బడిలోనూ చదువు పూర్తి చేయలేదు.

అటువంటి మనిషి తానే బడి పెట్టారు. తండ్రిగారు 1863లో బోల్పూరు దగ్గర బీడుభూమిలో ఇరవై బిఘాలు తీసుకుని ధ్యానానికి అనువుగా శాంతినికేతనం ఏర్పాటు చేసుకున్నారు. 1901 డిసెంబరు 22న రవీంద్రులు అక్కడ చెట్లకింద బ్రహ్మచర్యాశ్రమం ప్రారంభించారు. మొదటి విద్యార్థులు అయిదుగురు. అందులో ఒకరు ఆయన పెద్దకుమారుడు రథీంద్రనాథ్. ఖర్చులకు పూరీలో ఉన్న ఇల్లు అమ్మేశారు. భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చేసింది. మరుసటి సంవత్సరం నవంబరులో ఆ తల్లి కన్నుమూసింది. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రిగారు పోయారు.

ఇక్కడ చిన్న కొడుకు శమీంద్రుని గురించి చెప్పాలి. 1907 వసంతారంభంలో, పదేళ్ళ ఆ పిల్లవాడు తోటి విద్యార్థులను పోగుచేసి, ఋతువుల వేషాలు కట్టించి ఆశ్రమంలో ఒక పండుగ జరిపాడు. పెద్దలు ఏర్పాటు చేసినది కాదు, పిల్లలు తమంతట తాము చేసుకున్నది. ఆ సంవత్సరం నవంబరులోనే, సెలవులకు మోంఘీరు వెళ్ళిన శమీంద్రుడు కలరాతో చనిపోయాడు. తల్లి పోయిన అయిదేళ్ళకు, అదే నెలలో. తండ్రి కబురు అంది వెళ్ళారు గాని బిడ్డ దక్కలేదు.

ఏ తండ్రి అయినా ఆ బడి మూసి వెళ్ళిపోయి ఉండేవాడు. రవీంద్రులు మరుసటి సంవత్సరం, 1908లో, బడిపిల్లలు ఆడుకోవడానికి శారదోత్సవం అనే నాటకం వ్రాశారు. సెలవులు వచ్చిన సంబరం, చనిపోయిన గురువుగారి అప్పు తీర్చడానికి ఆటలు మాని తాళపత్రాలకు నకళ్ళు వ్రాసే ఒక కుర్రవాడు, సన్యాసి వేషంలో తిరిగే రాజు, ఇదీ కథ. అప్పటికి అది మగపిల్లల బడి. కాబట్టి స్త్రీపాత్ర ఒక్కటీ లేకుండా వ్రాశారు. వేషానికి పిల్లవాణ్ణి వెతకడం మనకు తెలుసు. పిల్లవాడికి తగిన వేషం సృష్టించడం ఆయన పద్ధతి.

నాటకం ముందుగా అందరికీ తానే చదివి వినిపించేవారు. అభ్యాసాలు బహిరంగంగా జరిగేవి. వేషం లేని పిల్లలు కూడా చుట్టూ కూర్చుని చూసేవారు. దానితో ప్రదర్శన నాటికి బడి మొత్తానికి పాటలన్నీ వచ్చేసేవి. రంగులు పూసిన తెరలంటే ఆయనకు గిట్టదు. 1902లోనే దాని మీద వ్యాసం వ్రాశారు. ఆకులు, కొమ్మలు, ఒక నీలిగుడ్డ ఉంటే చాలు, మిగిలినది ప్రేక్షకుడే ఊహించుకుంటాడని ఆయన నమ్మకం. సురభివారి తెరలు చూస్తూ పెరిగిన నావంటివాడికి ఈ మాట అంత సులభంగా మింగుడుపడదు. కాని డబ్బులేని బడికి అదే దారి అని ఒప్పుకోక తప్పదు.

పాట నేర్పే భారం ఎక్కువగా దినేంద్రనాథ్ టాగూరు మోశారు. ఆయన రవీంద్రుల పెద్దన్నగారి మనుమడు. రవీంద్రులకు కొత్త వరుస తోచిన కాసేపటికే మరచిపోయే అలవాటు. అందుకని వెంటనే దినేంద్రుణ్ణి పిలిపించి పాడి వినిపించేవారు. ఆయన పట్టుకుని, స్వరం వ్రాసుకుని పిల్లలకు చెప్పేవాడు. తెల్లవారుజామున పిల్లలు గుంపుగా పాడుకుంటూ ఆశ్రమమంతా తిరగడం, ఋతువు మారితే ఆ ఋతువు పాటలు, ఇదే సంగీతశిక్షణ. గొంతు బాగున్నవాడు, బాగులేనివాడు అనే తేడా లేదు. 1916లో ఫాల్గుణి నాటకం బాంకురా కరువు బాధితుల కోసం కలకత్తాలో ప్రదర్శించినప్పుడు పిల్లలతోబాటు రవీంద్రులు కూడా అంధుడైన బాఉల్ గాయకుని వేషం వేశారు. అప్పటికే నోబెల్ బహుమతి వచ్చి రెండు సంవత్సరాలు దాటింది.

1912లో అచ్చయిన డాక్‌ఘర్ నాటకంలో అమల్ అనే జబ్బు పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తాడు. ముప్పై సంవత్సరాల తరువాత, 1942 జూలై 18న, పోలెండు దేశంలో వార్సా నగరపు యూదుల వాడలో, యానుష్ కోర్చాక్ అనే డాక్టరుగారు తన అనాథాశ్రమం పిల్లలచేత ఆ నాటకం వేయించారు. మూడు వారాలు తిరగకుండానే నాజీలు ఆయనను, సుమారు రెండువందలమంది పిల్లలను రైలెక్కించి ట్రెబ్లింకాకు పంపి చంపేశారు. ఆ సంగతి చదివిన తరువాత నాకు బడినాటకం అనేది వార్షికోత్సవానికి చేసే హంగుగా ఎప్పుడూ కనబడలేదు.

ఇక ప్రభుత్వం సంగతి. 1911-12 ప్రాంతంలో తూర్పు బెంగాలు, అస్సాం ప్రభుత్వం ఒక రహస్య సర్క్యులర్ జారీ చేసింది. శాంతినికేతనం బడి ప్రభుత్వోద్యోగుల పిల్లల చదువుకు తగినది కాదని దాని సారాంశం. స్వదేశీ ఉద్యమపు అనుమానాలు కారణం. దానితో కొందరు తండ్రులు పిల్లలను తీసుకుపోయారు. వారిని నేను తప్పుపట్టలేను. కుటుంబం ఉన్న ఉద్యోగికి సర్క్యులర్ అంటే ఏమిటో మనకు తెలుసు గదా!

నా కారణం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నా సర్వీసులో ఒకసారి పొదుపు చర్యల కింద ఖాళీ పోస్టుల జాబితా తయారు చేసే సీటు నాది. ఒక బాలికోన్నత పాఠశాలలో సంగీతం టీచరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. ఆ పోస్టు లేకపోయినా పరీక్షా ఫలితాలకు లోటు లేదని, రద్దు చేయవచ్చని నోటు వ్రాసి పుటప్ చేసినవాణ్ణి నేనే. పై అధికారులు సంతకాలు చేశారు. నిబంధనల ప్రకారం అందులో తప్పు లేదు. కొన్నాళ్ళకు ఏదో పనిమీద ఆ బడికి వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ గది మూల తీగలు తెగిన వీణ, దానిమీద పాత హాజరుపట్టీల కట్ట. ఆమె నన్నేమీ అనలేదు. టీ ఇప్పించారు.

వీణ అంటే గుర్తుకు వచ్చింది. 1918లో రవీంద్రులు పిఠాపురం వచ్చినప్పుడు అక్కడి ఆస్థాన విద్వాంసులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని ముగ్ధులై, వారిని శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. శాస్త్రిగారు అక్కడి విద్యార్థులకు వీణ నేర్పారు. ఆ తరువాత 1919 ఫిబ్రవరిలో రవీంద్రులు మదనపల్లె వచ్చారు. జనగణమనను తామే ఇంగ్లీషులోకి అనువదించినది అక్కడే. బిసెంట్ థియొసాఫికల్ కళాశాల ప్రిన్సిపాల్‌గారి భార్య మార్గరెట్ కజిన్స్ విద్యార్థులతో పాడించి ఆ వరుసకు స్వరం వ్రాసిపెట్టారు. మన రాయప్రోలువారు, బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనంలో ఉండి వచ్చినవారే.

పాటకు, నాటకానికి ఇంత జరిగితే నృత్యానికి ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించవచ్చు. ఆ రోజుల్లో గౌరవకుటుంబాల ఆడపిల్ల కాలికి గజ్జె కట్టడమన్న మాటే లేదు. మన కూచిపూడిలో సత్యభామ వేషం కూడా మగవారే కట్టేవారు. 1919 నవంబరులో సిల్హెట్ వెళ్ళినప్పుడు రవీంద్రులు మణిపురి నృత్యం చూశారు. అందులోని నిదానం, భక్తి ఆయనకు నచ్చాయి. త్రిపుర మహారాజావారిని అడిగి బుద్ధిమంత సింగ్ అనే గురువును రప్పించారు. మొదట మగపిల్లలకు మృదంగం దెబ్బకు వ్యాయామంలాగా నేర్పించారు. పేరు మారిస్తే ఆక్షేపణ తగ్గుతుందని కాబోలు! ఆ గురువు కొద్ది నెలలే ఉన్నారు. 1926లో నవకుమార్ సింగ్ వచ్చిన తరువాతనే ఆడపిల్లలకు గట్టిగా శిక్షణ మొదలయింది. కోడలు ప్రతిమాదేవి వెనుక ఉండి నడిపించారు.

ఆ సంవత్సరమే ఆయన పుట్టినరోజున నటీర్ పూజ ప్రదర్శించారు. పాత్రలన్నీ స్త్రీలవే. బుద్ధుని స్తూపం ముందు పూజను రాజు నిషేధిస్తాడు. శ్రీమతి అనే ఆస్థాన నర్తకిని, అవమానించడం కోసం, ఆ స్తూపం ముందే నాట్యం చేయమని ఆజ్ఞాపిస్తారు. ఆమె ఆడుతూ ఆడుతూ నగలు ఒక్కొక్కటే తీసివేస్తుంది. లోపల భిక్షుణి వస్త్రం కనబడుతుంది. అక్కడే ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆ వేషం వేసినది చిత్రకారులు నందలాల్ బోసుగారి కుమార్తె గౌరి. మరుసటి జనవరిలో కలకత్తాలో వేయవలసి వచ్చినప్పుడు, ఆడపిల్లలను రంగస్థలం ఎక్కించారన్న నిందను కాచుకోవడానికి రవీంద్రులు ఉపాలి అనే భిక్షువు పాత్రను కొత్తగా చేర్చి తామే వేసుకున్నారు. ఆ తెల్లని గడ్డం వేదికమీద ఉండగా వేలెత్తి చూపడానికి ఎవరికి ధైర్యం?

ఆపైన శాంతిదేవ్ ఘోష్ అనే యువకుణ్ణి కేరళకు, సింహళానికి, జావాకు పంపి అక్కడి నృత్యరీతులు నేర్చుకుని రమ్మన్నారు. 1936లో చిత్రాంగద, 1938లో చండాలిక, 1939లో శ్యామ నృత్యనాటకాలు వచ్చాయి.

ఇదంతా డబ్బుతో పని. నోబెల్ సొమ్మును పతిసర్ వ్యవసాయ బ్యాంకులో వేసి ఆ వడ్డీతో బడి నడిపారు. తుదకు ఆ బ్యాంకు కూడా దెబ్బతిన్నది. 1936లో, 75వ ఏట, ఆరోగ్యం సరిగా లేకుండానే, విశ్వభారతి అప్పులు తీర్చడానికి చిత్రాంగద బృందాన్ని వెంటబెట్టుకుని ఉత్తరదేశం ఊరూరా తిరిగారు. ఢిల్లీలో ఉన్న గాంధీజీకి ఇది విని మనసు కలతపడింది. ఆయన ప్రయత్నించి 60,000 రూపాయలు ఇప్పించి, ఇక ఈ వయస్సులో ఇటువంటి యాత్రలు వద్దని కోరారు.

1940 ఫిబ్రవరిలో గాంధీజీ శాంతినికేతనం వచ్చి వెళ్ళేటప్పుడు, తన తరువాత ఈ సంస్థను చూడవలసిందని రవీంద్రులు ఒక ఉత్తరం ఆయన చేతిలో పెట్టారు. 1941 ఆగస్టు 7న జొరసాంకోలో, పుట్టిన ఇంట్లోనే, కన్నుమూశారు. గాంధీజీ ఆ ఉత్తరాన్ని మౌలానా ఆజాద్‌గారికి అప్పగించారు. 1951లో పార్లమెంటు చట్టం చేసి విశ్వభారతిని కేంద్రీయ విశ్వవిద్యాలయంగా తీసుకుంది. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు తగదని ఒకనాడు సర్క్యులర్ వచ్చిన ఆ బడిలో పాట చెప్పే పంతులుకు, నాట్యం నేర్పే గురువుకు మనకు మల్లేనే స్కేలు, ఇంక్రిమెంటు, ప్రావిడెంటు ఫండు, పెన్షను వచ్చాయి.