ఖలాసీల కాలం నుంచి నౌకాదళాధిపతి దాకా

పలాస స్టేషనులో బరంపురం వైపు వెళ్ళే రైలు కోసం ఎదురుచూసే జనంలో అప్పుడప్పుడు ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు కనిపిస్తాడు. చేతిలో కొత్త పెట్టె, చుట్టూ అమ్మ, నాన్న, మేనమామ. ఉద్దానం కొబ్బరితోటల నడుమ పెరిగిన ఆ అబ్బాయి చిల్కా సరస్సు ఒడ్డునున్న నౌకాదళ శిక్షణ కేంద్రానికి బయలుదేరాడన్నమాట. తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఉంటుంది. ఆ దృశ్యం చూసినప్పుడల్లా మాకు ఒక తెలుగు బిడ్డ గుర్తుకొస్తారు. పదహారేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి ఓడనే బడిగా చేసుకున్న ఆయనే, భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయిన వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి.

కటారి 1911 అక్టోబరు 8న నాటి మద్రాసు రాజధానిలోని చెంగల్పట్టులో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆ రోజుల్లో బ్రిటిషు ఓడల మీద మన దేశస్థులు వేల సంఖ్యలో పనిచేసేవారు. బెంగాల్, గుజరాత్, కొంకణ తీరాల నుంచి వెళ్ళిన ముస్లిములు వారిలో ఎందరో ఉండేవారు. కొలిమిలో బొగ్గు వేసేదీ, డెక్కు కడిగేదీ, తాళ్ళు లాగేదీ వారే. ఖలాసీగా చేరినవాడు టండేలు కావచ్చు, మహా అయితే సరంగు కావచ్చు. నిచ్చెన అక్కడితో ఆగిపోయేది. పటం చూసి దారి నిర్ణయించే అధికారి మాత్రం తెల్లదొరే. మనవారికి ధైర్యం తక్కువా? తెలివి తక్కువా? రెండూ కావు. ఆ విద్య నేర్పే బడి ఈ దేశంలో లేదు, అంతే.

నిజానికి సముద్ర విద్య మన పెద్దలకు కొత్త కాదు. చిన్న చెక్కముక్కతో, ముడులు వేసిన దారంతో నక్షత్రాల ఎత్తు కొలుచుకుంటూ అరబ్బు నావికులు హిందూ మహాసముద్రాన్ని దాటేవారు. పరికరం చిన్నదే అయినా దాని వెనుక తరతరాల చదువు ఉండేది. కాలం మారి కొత్త పరికరాలు వచ్చాయి. వాటిని మన పిల్లల చేతికి ఇచ్చేవారే కరువయ్యారు.

శివస్వామి అయ్యర్ వంటి పెద్దలు కేంద్ర శాసనసభలో ఈ విషయం లేవనెత్తారు. 1923లో ఏర్పడిన వర్తక నౌకా సంఘం భారతీయ యువకులకు శిక్షణ నౌక అవసరమని సిఫారసు చేసింది. చివరకు 1927లో, అంతవరకు సైనికులను చేరవేసిన డఫరిన్ అనే పాత ఓడను బొంబాయి రేవులో నిలిపి బడిగా మార్చారు. ఆ బడి తొలి జట్టులో కటారి ఒకరు. దిక్సూచి, సముద్రపటం, సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ ఆ పిల్లల చేతుల్లోకి వచ్చాయి.

శిక్షణ ముగిశాక ఆయన కలకత్తా రేవు సంస్థలో చేరి హుగ్లీ నది సర్వే పని చేశారు. 1939లో ప్రపంచ యుద్ధం మొదలు కాగానే నౌకాదళ రిజర్వులో చేరి, తర్వాత శాశ్వత అధికారి అయ్యారు.

1947లో దేశ విభజన జరిగింది. ఓడలను పంచుకున్నారు, బడులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. బాలనావికుల బడి, ఫిరంగి విద్య, రాడార్ విద్య నేర్పే బడులు కరాచీలో ఉన్నందున పాకిస్తాన్‌కు దక్కాయి. భారత నౌకాదళం బోధనను మళ్ళీ కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. కొచ్చిలో ప్రత్యేక విద్యల బడులు వెలిశాయి. బాలనావికుల శిక్షణ మన విశాఖపట్నంలో సాగింది. యుద్ధంలో వాడిన తీర్ అనే ఓడను కాడెట్లకు కేటాయించారు. రక్షణ నిధుల్లో నౌకాదళానికి దక్కేది చిన్న వాటా. అయినా ఆ కొద్ది సొమ్ములోనే చదువుకు చోటు చూపారు.

ఆ నిర్మాణ కాలంలోనే కటారి మెట్టు మెట్టుగా ఎదిగారు. 1956లో నౌకాశ్రేణికి నాయకత్వం వహించిన తొలి భారతీయుడయ్యారు. 1958 ఏప్రిల్ 22న బ్రిటిషు అధికారి కార్లిల్ నుంచి నౌకాదళ పగ్గాలు అందుకున్నారు. ఆయన హయాంలోనే, 1961 మార్చి 4న, విమానవాహక నౌక విక్రాంత్ మన దళంలో చేరింది. ఓడను సొమ్ముతో కొనవచ్చు, నడిపే మనుషులను కొనలేము. అందుకే దాని వైమానికులను, నావికులను ముందుగా విదేశాల్లో శిక్షణకు పంపవలసి వచ్చింది. 1962లో పదవీ విరమణ చేశాక కటారి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అధ్యక్షులుగా, ఆ తర్వాత బర్మాలో భారత రాయబారిగా సేవలందించారు. 1983లో కన్నుమూశారు.

ఈ జీవితం మనకు చెప్పేదేమిటి? మేము చదువు చెప్పిన ఒక బడిలో దిక్సూచి, కటకాలు, అయస్కాంతాలు ఉండేవి. పిల్లలు పగలగొడతారన్న భయంతో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఏళ్ళ తర్వాత తెరిచి చూస్తే తుప్పు పట్టి ఉన్నాయి. ఆ తాళం వేసిన వారిలో మేమూ ఉన్నాము. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. డఫరిన్ పెద్దలు కూడా అలాగే భయపడి ఉంటే కటారి లేరు.

చిల్కా కేంద్రం 1980లో మొదలైంది. నేడు అక్కడ ఆడపిల్లలు కూడా అగ్నివీరులుగా శిక్షణ పొందుతున్నారు. పలాస, టెక్కలి తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. ఓడలో కొలువు ఇప్పిస్తామంటూ ఊళ్ళోకి వచ్చే దళారి చేతిలో పొలం అమ్మిన సొమ్ము పోయకండి. నౌకాదళానికి దారి ప్రకటన చూసి, పరీక్ష రాసి, పరుగు పందెంలో నెగ్గడమే. ఆ సొమ్ములో కొంత పిల్లల లెక్కలకు, సైన్సుకు ఖర్చు చేయండి. మీ ఊరి బడికి వెళ్ళి, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి.