పిక్కలు లావే, బలం లేదు: డాక్టర్ డ్యుషెన్ కథ

ఈ నెల మనం తెలుసుకోబోయే డాక్టర్ గియోమ్ డ్యుషెన్. ఫ్రాన్స్‌లోని బులోన్ అనే సముద్రతీర పట్టణంలో 1806 సెప్టెంబర్ 17న పుట్టారు. వాళ్లది సముద్రాన్ని నమ్ముకున్న కుటుంబం. తండ్రి కొడుకును కూడా ఓడ ఎక్కించాలనుకున్నారు. అబ్బాయికి మాత్రం సైన్స్ అంటే ఇష్టం. పారిస్‌లో మెడిసిన్ చదివి, 1831లో పట్టా తీసుకుని, సొంతూరిలోనే ప్రాక్టీస్ పెట్టారు.

రెండేళ్లకే ప్రసవం తర్వాత భార్య చనిపోయారు. అత్తగారు ఆయన్నే తప్పుపట్టారు. కొడుకు కూడా దూరమయ్యాడు. 1842లో ఒంటరిగా మళ్లీ పారిస్ చేరారు. ఏ ఆసుపత్రిలోనూ పదవి లేదు. చిన్న కరెంటు యంత్రం పట్టుకుని వార్డు వార్డుకూ తిరిగి, ఒక్కో కండరం ఎలా పనిచేస్తుందో పరీక్షించేవారు.

కొందరు మగపిల్లలు ఆయన్ని ఆలోచనలో పడేశారు. పిక్కలు చూస్తే లావుగా, బలంగా ఉంటాయి. కానీ మెట్లెక్కలేరు, తరచూ పడిపోతారు. ఆయన సూదిలాంటి పరికరం తయారుచేసి, ఆ పిల్లల కండరం నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూశారు. కండర పోగులు తగ్గిపోయి, వాటి చోట కొవ్వు, పీచు కణజాలం నిండి ఉన్నాయి! 1868లో 13 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. లండన్‌లో ఎడ్వర్డ్ మెరియన్ ముందే ఈ జబ్బును వర్ణించినా, డ్యుషెన్ పేరే నిలిచింది. 1875లో ఆయన కన్నుమూశారు.

అసలు కారణం 1980ల్లో తెలిసింది. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ కండర పోగు పైపొరను కాపాడుతుంది. అది లేకపోతే కండరం బిగిసినప్పుడల్లా పొర చిరుగుతుంది, కాల్షియం ఎక్కువగా లోపలికి చేరి పోగు చనిపోతుంది. శరీరం కొత్త పోగులు తయారుచేసుకుంటుంది. కొన్నేళ్లకు ఆ శక్తీ తగ్గిపోతుంది.

పీటీ పీరియడ్‌లో వెనకబడే బాబును టీచర్లమైన మేమే ఒక్కోసారి బద్ధకస్తుడు అనుకుంటాం. నేల మీద నుంచి లేచేటప్పుడు చేతులు తొడల మీద ఆనించుకుంటున్నాడా? మునివేళ్ల మీద నడుస్తున్నాడా? పిల్లల డాక్టర్‌కు చూపించండి. సీకే అనే రక్తపరీక్షతో అనుమానం చాలావరకు తేలుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, త్వరగా గుర్తిస్తే మందులు, ఫిజియోథెరపీతో బాబు ఇంకొన్నేళ్లు తన కాళ్ల మీద నడవగలడు.

ఇంకో మాట. ఈ జన్యులోపం తల్లి నుంచి రావచ్చు, బిడ్డలో కొత్తగానూ రావచ్చు. ఎలా వచ్చినా అది ఎవరి తప్పూ కాదు. దయచేసి ఏ తల్లినీ నిందించకండి.