చెన్నపట్నంలో పుట్టి, చెన్నపట్నంలోనే ప్రాణం విడిచిన శ్రీరాములు

పొట్టి శ్రీరాములు పేరు వినగానే అందరికీ 58 రోజుల నిరాహార దీక్ష గుర్తొస్తుంది. సరిహద్దుకు ఇవతల ఉండిపోయిన మనకు మాత్రం ఆయన ఊరు కూడా గుర్తుండాలి. 1901 మార్చి 16న ఆయన పుట్టింది మద్రాసు జార్జిటౌన్‌లో. పెద్దలది కనిగిరి ప్రాంతం. అంటే, మనలో చాలామందిలాగే, బతుకుతెరువు కోసం తరలివచ్చిన ఇంటి బిడ్డ.

బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగంలో చేరారు. మంచి జీతం, కొత్త కాపురం. అంతలోనే భార్య, పసిబిడ్డ ఇద్దరూ పోయారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఉద్యోగం వదిలేశారు. ఆస్తిని తల్లికి, అన్నదమ్ములకు పంచిపెట్టి సబర్మతి ఆశ్రమానికి వెళ్లిపోయారు.

దుఃఖం తట్టుకోలేక వెళ్లారని అనుకోవడం తేలిక. మాకైతే అంతే అనిపించదు. ఊరట మాత్రమే కావాలనుకుంటే ఆశ్రమంలోనే ఉండిపోయేవారు. ఆయన ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, క్విట్ ఇండియా రోజుల్లో మళ్లీ వెళ్లారు.

తర్వాత నెల్లూరు. ఆయన జీవితంలో మనం తక్కువగా చెప్పుకునే భాగం ఇదే. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో అన్నం మానేసి కూర్చున్నారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు తగిలించుకుని, మండుటెండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా వీధుల వెంట తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చున్నప్పుడు, ఆకలి శరీరాన్ని ఏం చేస్తుందో ఆయనకు బాగా తెలుసు. అంతకు ముందు ఏడాది స్వామి సీతారాం 35 రోజులు దీక్ష చేసి, వినోబా మాట మీద విరమించారు. రాష్ట్రం మాత్రం రాలేదు. శ్రీరాములు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో కూర్చున్నారు. మద్రాసు ఎవరిదన్న పేచీ తెగలేదు. ఆ నగరం మీద పట్టు వదిలితే ఆంధ్ర ఇవ్వవచ్చని నెహ్రూ, పటేల్, పట్టాభి కమిటీ 1949లోనే చెప్పింది. డిసెంబరు మొదట్లో కూడా నెహ్రూ ఈ దీక్షను పట్టించుకోదలచలేదు. మనసు మార్చుకునేసరికి ఆలస్యమైపోయింది.

డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. శవయాత్రలో ఘంటసాల పాడారు. తెలుగు జిల్లాల్లో రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మరికొందరి ప్రాణాలు పోయాయి. వాళ్ల పేర్లు ఈరోజు ఎంతమందికి తెలుసు?

నాలుగు రోజులకు ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. ఆయన పుట్టిన జార్జిటౌన్ గానీ, ప్రాణం విడిచిన మైలాపూరు ఇల్లు గానీ అందులో లేవు. ఆ ఇల్లు ఇప్పుడు ఆయన స్మారక భవనం, రాయపేట హైరోడ్డు మీద ఉంది. మన ఇళ్లలాగే అదీ ఇటువైపే ఉండిపోయింది.