మధ్యగతానికి విలువ తెచ్చిన గాల్టన్

అంకమధ్యమం ఉండగా మధ్యగతం ఎందుకు అని పిల్లలు అడుగుతుంటారు. దీనికి జవాబు ఫ్రాన్సిస్ గాల్టన్ జీవితంలో దొరుకుతుంది.

ఆయన 1822లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర జన్మించారు. చార్లెస్ డార్విన్‌కు, ఆయనకు తాత ఒక్కరే. వైద్య విద్యను మధ్యలోనే వదిలి, తండ్రి ఆస్తి చేతికొచ్చాక నైరుతి ఆఫ్రికాలో పర్యటించారు. కనిపించినదల్లా కొలవడం ఆయనకు అలవాటు. 1875లో పత్రికకు వాతావరణ పటం గీసి ఇచ్చారు. 1892లో వేలిముద్రలపై గ్రంథం రాశారు.

1906లో ప్లిమత్ పశువుల ప్రదర్శనలో ఒక పోటీ పెట్టారు. ఎద్దును చూసి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో టికెట్‌పై రాయాలి. రైతులు, కసాయివాళ్లే కాదు, పశువుల సంగతి అంతగా తెలియనివారూ రాశారు. పనికొచ్చే 787 టికెట్లను గాల్టన్ ఆరోహణ క్రమంలో పేర్చారు. నడుమ నిలిచిన అంచనా 1,207 పౌండ్లు. అసలు తూకం 1,198. ఈ ఫలితాన్ని 1907లో నేచర్ పత్రికలో ప్రకటించారు.

అంకమధ్యమం ఎంతని ఒక పాఠకుడు అడిగితే, 1,197 అని తెలిపారు. అసలు తూకానికి అదే మరింత దగ్గర! అయినా గాల్టన్ మధ్యగతాన్నే సమర్థించారు. ఎవరో ఒకరు లక్ష పౌండ్లని రాసి ఉంటే అంకమధ్యమం సుమారు 125 పౌండ్లు పెరిగేది. మధ్యగతం దాదాపు కదలదు. నష్టపరిహారం తేల్చే జ్యూరీలోనూ అంతే. సగటు తీస్తే, విపరీతమైన మొత్తం చెప్పినవారి మాటకే ఎక్కువ బలం వస్తుంది. మధ్యగతంలో అందరిదీ ఒకే ఓటు.

అయితే మనుషుల విషయంలో ఆయన ఈ సమానత్వం పాటించలేదు. మేలైన వంశాలే వృద్ధి చెందాలంటూ 1883లో యూజెనిక్స్ అనే పదాన్ని సృష్టించారు. ఆ వాదం తర్వాతి కాలంలో అనేక దేశాల్లో నిర్బంధ సంతాన నిరోధక శస్త్రచికిత్సలకు దారితీసింది. గాల్టన్ 1911లో మరణించారు. ఆయన లెక్కను నేర్పేటప్పుడు ఈ సంగతీ చెప్పాలి.

ఈ పాఠాన్ని తరగతిలో ఇలా చూపవచ్చు. ఐదుగురి మార్కులు 40, 42, 45, 48, 100 అనుకుందాం. అంకమధ్యమం 55. నలుగురూ దానికి దిగువనే ఉన్నారు. మధ్యగతం 45. తరగతి సగటు చూసి బిడ్డను మందలించే ముందు, తల్లిదండ్రులు మధ్యగతం ఎంతో టీచర్‌ను అడగడం మంచిది.