వంగిన వెలుగు: జాన్ టిండలు

వీధిస్తంభమునుండి దిగిన గాజుతీగె యొకటి నేడు అనేక గృహములలో ద్వారబంధము ప్రక్కగా గోడనంటి, మూలమూలకు మలుపు తిరిగి, గదిలోని చిన్నపెట్టెను చేరుచున్నది. తీగె నడుమనున్న గాజుపోగు తలవెంట్రుకకంటె ఇంచుక మందము. సహజముగా సూటిగా బోవు వెలుగు ఈ పోగులో మలుపులవెంట నడచుచున్నది. ఈ విచిత్రమును నూటడెబ్బది యేండ్లక్రిందట లండను పౌరులకు కన్నులయెదుట నిలిపిన జాన్ టిండలు చరిత్రమును పాఠకులకు నివేదింపదలచినారము.

టిండలు ఐర్లండునందలి కార్లో మండలములో, లైలిన్‌బ్రిడ్జి అను చిన్నయూర 1820వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీని జన్మించెను. తండ్రి పోలీసు జవాను. కలిగిన కుటుంబము కాదు. 1839లో టిండలు ప్రభుత్వపు సర్వేశాఖలో కుదిరి, 1842లో ఇంగ్లండునందలి ప్రెస్టను పట్టణమునకు మార్పబడెను. అచ్చట జీతములు స్వల్పము. ఐరిష్ ఉద్యోగులయెడ అధికారుల చూపు అంతకంటె హీనము. టిండలు, ఆయన సహచరులు కొందరు తమ కష్టములను పైవారికి విన్నవించుకొనిరి. ఫలముగా 1843లో ఉద్యోగములు పోయినవి. ఈ యన్యాయమును ఆయన పత్రికలకెక్కించెను. అందుచే, శాస్త్రజ్ఞుడు కాకమునుపే ఆయన మావర్గమువాడని చెప్పుకొనుటకు మాకు కొంత హక్కు కలదు.

పిమ్మట కొంతకాలము రైలుమార్గములు కొలిచెను, పాఠశాలలో బోధించెను, కూడబెట్టిన కొద్దిధనముతో 1848లో జర్మనీకేగి, మార్బర్గు విశ్వవిద్యాలయమున బున్‌సెనువంటి గురువులకడ చదివి డాక్టరు పట్టము బడసెను. 1853లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఆచార్యపదవి లభించెను. అచ్చటి పెద్దదిక్కు మైకేల్ ఫారడే.

1854లో చూపిన ప్రయోగము ఫారడే సూచించినదే. ఒక పాత్రలో నీరునింపి, ప్రక్కన చిన్నరంధ్రము తెరచినారు. ధార విల్లువలె వంగి క్రిందితొట్టిలో బడుచుండెను. పాత్రలోనుండి రంధ్రమువైపునకు దీపకాంతిని ప్రసరింపజేయగా, ఆ కాంతి గాలిలోనికి సూటిగా దూసికొనిపోక ధారలోనే చిక్కి దానితోకూడ వంగినది. దట్టమైన నీటినుండి పలుచనైన గాలిలోనికి బోవలసిన కిరణము అంచును మిక్కిలి ఏటవాలుగా తాకినచో బయటబడజాలక వెనుకకు మరలును. ఇట్లు గోడనుండి గోడకు తాకుచు మరలుచు అది ముందునకు సాగును.

న్యాయము చెప్పవలెనన్న, ఈ వేడుకను 1841లోనే జినీవాయందు కొలాడను చూపియుండెను. టిండలు ఆ పేరెత్తలేదు. ఆయన ఎరుగడో, ఎరిగియు మరచెనో మేము తీర్పుచెప్పము. కాని కీర్తి చిరకాలము ఆయనకే దక్కినది.

గాజుపోగున జరుగుచున్నదియు నీటిధారలో జరిగినదే. నడుమగాజు కొంత దట్టము, చుట్టుగాజు కొంత పలుచన. అయితే పోగును మరీ బిగువుగా మడచినచో కిరణము అంచును తాకు కోణము మారి వెలుగు కారిపోవును. సాధారణపు పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధమునకు తక్కువ వంపరాదని నియమము. ఇండ్లగోడల మూలలు ఈ నియమము నెరుగవు. మేకులు కొట్టువాడును ఎరుగడు. కావున నడుమగాజు చుట్టును మరింత పలుచనైన కందకమువంటి పొర నేర్పరచి, వంపునకోర్చు పోగులను నిర్మించినారు. 2006లో వీనికి అంతర్జాతీయ ప్రమాణము వెలసెను. నేడు వీనిలో 10, 7.5, 5 మిల్లీమీటర్ల వంపులకుసైతము తాళు తరగతులున్నవి. పోగుచుట్టు గట్టి దారములు పేర్చి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసినచో లాగుళ్లకు, నలుగుళ్లకు నిలుచును.

టిండలు ఈ దారిని మరి సాగలేదు. ఆయన మనస్సు ఉష్ణముపైకి మరలెను. 1859నుండి వాయువులు ఉష్ణకిరణములను మ్రింగుటను కొలిచి, గాలిలోని నీటియావిరియు, బొగ్గుపులుసువాయువును భూమికి దుప్పటివలె పనిచేయునని ఋజువుచేసెను. 1861లో ఆల్ప్సునందలి వైస్‌హార్ను శిఖరమును మొట్టమొదట ఎక్కినవారిలో ఆయన ఒకడు. 1872-73లో అమెరికాలో ఉపన్యసించి మిగిలిన ధనమును అచ్చటి శాస్త్రవిద్యార్థులకే వదలివచ్చెను.

ఇక మాకు కొరుకుడుపడని విషయమొకటి కలదు. ఐరిష్‌వారి పక్షమున మాటాడి కొలువు పోగొట్టుకొన్న ఈతడు, వృద్ధుడై, ఐర్లండు స్వపరిపాలనమును తీవ్రముగా ప్రతిఘటించెను. గ్లాడ్‌స్టనుపై ఆయన చూపిన కోపమునకు మితి లేదు. ప్రెస్టనులోని యువకుడు ఆ వృద్ధునితో ఏమని వాదించియుండునో!

నిద్రలేమి ఆయనను ఏండ్లతరబడి పీడించెను. 1893 డిసెంబరు 4వ తేదీని హైండ్‌హెడ్ గృహమున భార్య లూయిసా మెగ్నీషియా యనుకొని నిద్రమందైన క్లోరలును అధికమాత్రలో పొరపాటున ఇచ్చెను. ఆయన ఆ దినమే మరణించెను. ఆమె నలువదియారేండ్లు పైగా జీవించి, భర్త పత్రములను సేకరించుచునే 1940లో కన్నుమూసెను. ఆమె తలపెట్టిన జీవితచరిత్రము 1945లో ఇతరుల చేతులమీదుగా వెలువడినది.